క్యాబ్ యాప్‌లో నిమిషానికో ధర: మోసపోకుండా, విసిగిపోకుండా ప్రయాణించే పద్ధతి

వారానికి మూడు రోజులు అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్తాను. అదే ఇల్లు, అదే ఆసుపత్రి, తొమ్మిది కిలోమీటర్ల అదే దారి. ఒక సోమవారం తిరుగు ప్రయాణానికి యాప్ తెరిస్తే, ఉదయం ఇచ్చిన దానికి దాదాపు రెట్టింపు చూపించింది. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని లేచిన మనిషి చక్రాల కుర్చీలో తల వాల్చి ఉంది. బేరమాడదామంటే ఎదురుగా మనిషి లేడు. ఎందుకు పెరిగిందని అడుగుదామన్నా చెప్పేవారు లేరు. చేసేది లేక బుక్ చేశాను. కారెక్కిన కాసేపటికి అలవాటుగా మళ్లీ చూస్తే, అదే దారి మామూలు ధరకు దిగి ఉంది.

డబ్బు పోయినందుకు కన్నా, అది ఎక్కువో తక్కువో తేల్చుకునే ఆధారం నా దగ్గర లేనందుకు ఎక్కువ బాధపడ్డాను. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు తెరిచాను. అప్పటి నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా చెబుతున్నాను. మొదటి రెండు పనులు ఇంట్లో తీరికగా చేసుకోవలసినవి. వాటిని దాటేసి నేరుగా మూడో దానికి వెళితే మిగతావేవీ సరిగ్గా పనిచేయవు.

ముందు ఒక సంగతి: ధర ఎందుకు కదులుతుంది

ఒక ప్రాంతంలో కారు అడిగేవారు పెరిగి, ఖాళీ కార్లు తగ్గితే ధర ఎక్కుతుంది. దీన్నే సర్జ్ అంటారు. ఇంతవరకు అందరికీ తెలుసు. దీని వెనక ఉన్న చిక్కు తెలుసుకుంటే కోపం కొంచెం దారిలో పడుతుంది. దగ్గర్లో ఖాళీ కారు లేనప్పుడు యాప్ ఎక్కడో దూరాన ఉన్న కారును పంపుతుంది. ఆ కారు పావుగంట ఖాళీగా మీ వైపు వస్తుంది. ఆ పావుగంటా అది ఇంకెవరికీ దొరకదు. అలా కార్లన్నీ దూరాల నుంచి ఖాళీగా పరుగెత్తడంలోనే చిక్కుకుంటే, రోడ్డు మీద కార్లున్నా ఎక్కేవారికి అందవు. ధర పెంచితే కొందరు వెనక్కి తగ్గుతారు, దగ్గరి కారు దగ్గరివారికి దక్కుతుంది అని ముగ్గురు ఆర్థికవేత్తలు 2017లో రాసిన ఒక పత్రంలో వివరించారు. 2015 జనవరి 1 తెల్లవారుజామున, కొత్త సంవత్సరపు రద్దీ మధ్యలో, న్యూయార్క్‌లో ఊబర్ సర్జ్ వ్యవస్థ 26 నిమిషాలు ఆగిపోయింది. ఆ కాసేపట్లో కారు దొరికినవారి వాటా పడిపోయిందని, ఎదురుచూపు పెరిగిందని కంపెనీ పరిశోధకులు ఆ తర్వాత రాశారు. కంపెనీ వారు చెప్పిన లెక్క కాబట్టి దాన్ని కంపెనీ మాటగానే తీసుకుంటాను. అయినా అందులోని తర్కం కొట్టిపారేయదగినది కాదు.

నేను ఒప్పుకోలేనిది మరొకటి ఉంది. ఎంతమంది అడుగుతున్నారో యంత్రానికి తెలుస్తుంది, ఎందుకు అడుగుతున్నారో తెలియదు. 2014 డిసెంబరులో సిడ్నీలో ఒక సాయుధుడు కేఫ్‌లో జనాన్ని బందీలుగా పట్టుకున్నప్పుడు, ఆ చుట్టుపక్కల నుంచి బయటపడాలని జనం ఒక్కసారిగా యాప్ తెరిచారు. ధర అమాంతం ఎగబాకింది. విమర్శలు చెలరేగాక ఊబర్ ఉచిత ప్రయాణాలు ఇచ్చింది, వసూలు చేసిన డబ్బు తిరిగి చెల్లించింది, క్షమాపణ చెప్పింది. వానకు పరుగెత్తేవారూ ప్రాణభయంతో పరుగెత్తేవారూ ఆ లెక్కకు ఒకటే.

ఇంకో మార్పు ప్రయాణికుడిని మరీ చీకట్లోకి నెట్టింది. మొదట్లో యాప్ '1.8 రెట్లు' అని సర్జ్‌ను విడిగా చూపించేది. 2016 నుంచి ఊబర్ ఆ రెట్ల అంకెను తీసేసి, మొత్తం ధరను ఒకే అంకెగా ముందే చూపడం మొదలుపెట్టింది. ఎంత చెల్లించాలో ముందే తెలియడం మేలే. ఆ అంకెలో మామూలు ఛార్జీ ఎంత, పెంచింది ఎంత అనేది మాత్రం కనబడకుండా పోయింది. ఆ లోటును మనమే పూడ్చుకోవాలి.

మొదటి పని: మీ దారికి మీ ధర కట్టుకోండి

మీరు తరచూ వెళ్లే రెండు మూడు దారులు ఎంచుకోండి. ప్రయాణం చేయనక్కర్లేదు. యాప్ తెరిచి, గమ్యం పెట్టి, ధర చూసి మూసేయండి. రెండు వారాల్లో ఒక్కో దారికి ఇరవై సార్లు చూస్తే చాలు. ప్రతిసారీ రాసుకోవలసినవి: రోజు, సమయం, ఎక్కే చోటు, చూపిన ధర, కారు రావడానికి పట్టే నిమిషాలు, ప్రయాణానికి పట్టే నిమిషాలు. వాన ఉంటే పక్కన 'వాన' అని ఒక మాట.

తర్వాత ఆ ఇరవై ధరలనూ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా రాసి, మధ్యలో నిలిచిన పదో, పదకొండో ధరలకు సరిగ్గా నడుమ ఉన్న అంకెను పట్టుకోండి. సగటు తీయవద్దు. ఒక్క జడివాన రోజు పలికిన ధర సగటును పైకి లాగేస్తుంది, మధ్య అంకెను కదపలేదు. ఆ మధ్య అంకెను 100 అనుకోండి. ఇక మీదట యాప్ ఏ ధర చూపినా దాన్ని ఈ వందతో పోల్చండి. నా నోటుబుక్కులో తిరుగు ప్రయాణం పేజీ ఇలా ఉంటుంది:

సోమ, 11:32, ముందు గేటు, ధర 184, కారు 4 నిమిషాల్లో, ప్రయాణం 27
సోమ, 11:39, కారులోంచి చూసింది, ధర 104
బుధ, 11:35, ముందు గేటు, ధర 131, కారు 9 నిమిషాల్లో, ప్రయాణం 26
బుధ, 11:44, వెనక గేటు, ధర 102, కారు 5 నిమిషాల్లో, ప్రయాణం 25
శుక్ర, 11:30, వాన, ముందు గేటు, ధర 167, కారు 14 నిమిషాల్లో, ప్రయాణం 44
శుక్ర, 11:50, వాన, వెనక గేటు, ధర 172, కారు 15 నిమిషాల్లో, ప్రయాణం 46

ఈ ఆరు వరుసల్లోనే నాకు రెండు సంగతులు దొరికాయి. సోమ, బుధవారాల పెరుగుదల పది నిమిషాల్లో కరిగిపోయింది. శుక్రవారంది కరగలేదు, గేటు మారినా తగ్గలేదు. ఎందుకో రెండో పనిలో తేలుతుంది.

పేజీ సిద్ధమయ్యాక రెండు గీతలు గీసుకోండి. నావి 120, 160. 120 లోపు ఉంటే ఆలోచించకుండా బుక్ చేస్తాను. 120 నుంచి 160 వరకు ఆగుతాను. 160 దాటితే వేరే దారి వెతుకుతాను. మీ గీతలు మీ జేబును బట్టి, మీ ఓపికను బట్టి ఉంటాయి. ఎక్కడ గీసినా సరే, ఇంట్లో కూర్చుని గీయండి. చేతిలో సంచులు, నెత్తిన ఎండ, పక్కన ఏడ్చే పిల్లవాడు ఉన్నప్పుడు ఎవరైనా అడిగినంత ఇచ్చేస్తారు.

రెండో పని: పెరిగింది దేనికో విడదీయండి

పాత రసీదు ఒకటి తెరిచి నిదానంగా చదవండి. ప్రారంభ ఛార్జీ, కిలోమీటరు లెక్క, నిమిషం లెక్క, బుకింగ్ రుసుము, టోల్, పన్ను, నిరీక్షణ ఛార్జీ వంటివి ఉంటాయి. చాలామంది గమనించనిది నిమిషం లెక్క. దూరం అదే అయినా ట్రాఫిక్‌లో ప్రయాణం 25 నిమిషాల నుంచి 45 నిమిషాలకు పెరిగితే, సర్జ్ ఏమీ లేకుండానే ధర పెరుగుతుంది.

కాబట్టి ధర ఎక్కువ కనిపించగానే ప్రయాణ సమయం చూడండి. సమయం మామూలుగానే ఉండి ధర మాత్రం పెరిగిందంటే అది గిరాకీ వల్ల పెరిగింది. కాసేపు ఆగితే, నాలుగడుగులు నడిస్తే తగ్గే అవకాశం ఉంది. ప్రయాణ సమయం కూడా దాదాపు రెట్టింపయిందంటే రోడ్డే నిండిపోయింది. అప్పుడు పది నిమిషాలు ఆగడం వృథా. గంట తర్వాత బయలుదేరాలి, లేదా రోడ్డు మీద ఆధారపడని రైలో మెట్రోనో చూసుకోవాలి. నా శుక్రవారం వానలో జరిగింది ఇదే. రెండూ కలిసి పెరిగే రోజులూ ఉంటాయి. అప్పుడు ట్రాఫిక్ వల్ల పెరిగింది ఎంతో మీ పేజీలోని పాత వానరోజు చూస్తే తెలుస్తుంది.

మూడో పని: ధర మండిపోతున్న క్షణంలో

ముందు మ్యాప్‌లో మీ చోటును చూపే పిన్ సరిచూడండి. భవనం లోపల నిలబడితే ఫోను మిమ్మల్ని రోడ్డుకు అవతలి వైపు చూపించడం మామూలే. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డయితే ఆ ఒక్క తప్పుకు కారు ఎక్కడో యూటర్న్ తీసుకోవలసి వస్తుంది, ఆ దూరం మీ ధరలో కలుస్తుంది. గమ్యం పిన్‌ను కూడా చూడండి. పెద్ద ప్రాంగణాలకు రెండు మూడు ద్వారాలు ఉంటాయి, యాప్ తనకు తోచినది ఎంచుకుంటుంది.

తర్వాత గడియారం. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఊబర్ యాప్‌కు 43 నకళ్లను మన్‌హాటన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో వేర్వేరు చోట్ల ఉన్నట్టు నడిపి ధరలను పట్టి చూశారు. సర్జ్ ఐదు నిమిషాలకోసారి మారుతోందని, చాలావరకు ఎక్కువసేపు నిలవడం లేదని, నగరాన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఒక్కో సర్జ్ పెడుతున్నారని తేలింది. అందుకే పక్క ముక్కలోకి నడిచి వెళ్లినవారికి కొన్నిసార్లు తక్కువ ధర దొరికింది. ఆ తర్వాత యాప్‌లు చాలా మారాయి, ఐదు నిమిషాల లెక్కను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కాలం, చోటు అనే రెండు మీటలు మాత్రం ఇప్పటికీ ప్రయాణికుడి చేతిలోనే ఉన్నాయి.

చోటు గురించి ఇంకొంచెం చెప్పాలి. స్టేడియం, రైల్వే స్టేషను, పెద్ద ఆసుపత్రి వంటి చోట్ల అందరూ ఒకే గేటు నుంచి బుక్ చేస్తారు. డ్రైవరుకు కూడా ఆ గేటు దగ్గరికి చేరడం నరకమే. నడవగలిగినవారు నాలుగైదు వందల మీటర్లు, ఇంటికి వెళ్లే దిశలోనే, వెలుతురు ఉన్న పెద్ద రోడ్డు మీద నడిచి అక్కడి నుంచి చూడండి. నడవలేనివారు తోడుగా ఉంటే మా వెనక గేటు వంటిది వెతకండి. నాకు అది మూడో నెలలో, ఒక వార్డు సహాయకుడు చెబితే తెలిసింది.

మూడోది, రెండో యాప్. ఇన్‌స్టాల్ చేసి, ఖాతా తెరిచి, చెల్లింపు పద్ధతి పెట్టి ఉంచుకోవడం ఇంట్లోనే జరగాలి. వానలో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండింటిలోనూ ఒకేసారి బుక్ చేసి ముందు వచ్చిన కారు ఎక్కడం మాత్రం చేయవద్దు. రెండో డ్రైవరు మీ కోసం ఇంధనం కాల్చుకుని వస్తుంటాడు.

ఫోనును అనుమానిస్తున్నారా? అయితే పరీక్షించండి

'నా ఫోను ఖరీదైనది కాబట్టి నాకు ఎక్కువ చూపిస్తోంది', 'బ్యాటరీ అయిపోతుంటే ధర పెంచుతారు' అనే మాటలు వినని చోటు లేదు. బ్యాటరీ మాట గాలిలోంచి రాలేదు. ఫోనులో ఛార్జింగ్ తక్కువగా ఉన్నవారు సర్జ్ ధరకు ఎక్కువగా ఒప్పుకుంటారని అప్పట్లో ఊబర్‌లో ఆర్థిక పరిశోధన చూసిన కీత్ చెన్ 2016లో ఒక రేడియో కార్యక్రమంలో చెప్పారు. ధర నిర్ణయించడానికి ఆ సమాచారం వాడటం లేదని కూడా అక్కడే చెప్పారు. ఫోను రకాన్ని బట్టి ధర మారుతోందన్న ఫిర్యాదుల మీద భారత కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 జనవరిలో ఓలా, ఊబర్‌లకు నోటీసులు ఇచ్చింది. రెండు సంస్థలూ ఆ ఆరోపణను కాదన్నాయి.

మీరే తేల్చుకోవాలంటే ఇలా చేయండి. రెండు ఫోన్లను ఒకే బల్ల మీద పెట్టండి. ఎక్కే చోటును జీపీఎస్‌కు వదలకుండా రెండింటిలోనూ ఒకే చిరునామా టైపు చేయండి. ఒకే రకం కారు ఎంచుకోండి. ఇద్దరు కలిసి ఒకేసారి నొక్కండి, ఎందుకంటే అర నిమిషం తేడాలో కూడా ధర మారిపోవచ్చు. ఏ ఖాతాకు కూపన్ ఉంది, ఏ ఖాతాకు సభ్యత్వం ఉంది అన్నది రాసుకోండి. ఇలా వేర్వేరు రోజుల్లో కనీసం పదిసార్లు చేయండి. పదిలో తొమ్మిదిసార్లు ఒకే ఫోనులో ఎక్కువ వస్తే మీ దగ్గర నిలబడే ఫిర్యాదు ఉన్నట్టు. ఒక్కసారి తీసిన రెండు స్క్రీన్‌షాట్లతో ఎవరినీ నిలదీయలేం.

నాలుగో పని: యాప్ మీదే ఆధారపడకుండా ఉండటం

ముందస్తు బుకింగ్ మంచిదే, అయితే ఒక షరతు చదవాలి. కొన్ని చోట్ల అది ధరను కట్టేస్తుంది, కొన్ని చోట్ల కారును వెతకడం మాత్రమే ముందుగా మొదలుపెడుతుంది. బుక్ చేసే తెరమీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోజూ ఒకే దారిలో ఒకే వేళకు వెళ్లేవారికి నెలకింత కడితే ధర ఒక హద్దు దాటకుండా చూసే పథకాలు కూడా వచ్చాయి. అమెరికాలో లిఫ్ట్ అనే క్యాబ్ సంస్థ 2024లో ఇలాంటిది తెచ్చింది. చేరేముందు మీ పేజీ ముందు పెట్టుకుని, నెలలో ఎన్నిసార్లు మీ ధర ఆ హద్దు దాటిందో లెక్కపెట్టండి. నాలుగు కన్నా తక్కువైతే నేను చేరను.

ప్రయాణికుడే ధర చెప్పే పద్ధతి కూడా ఉంది. ఇన్‌డ్రైవ్ అనే యాప్ అలాగే నడుస్తుంది. దాని పుట్టుక గుర్తుంచుకోదగినది. సైబీరియాలోని యాకూత్స్క్‌లో 2012 చివర, చలి మైనస్ 45 డిగ్రీలకు దిగినప్పుడు ట్యాక్సీ సంస్థలు ధరలు పెంచేశాయి. ఒళ్లు మండిన జనం సామాజిక మాధ్యమంలో ఒక గుంపుగా చేరి, 'నేను ఫలానా చోటికి వెళ్లాలి, ఇంత ఇస్తాను' అని రాయడం మొదలుపెట్టారు. ఆ గుంపే తర్వాత కంపెనీ అయింది. ఇలాంటి యాప్‌లో మీ వంద మీకు తెలిసి ఉంటే బేరం తేలిక. మరీ తక్కువ పెడితే కారు రాదు, మీ సమయం పోతుంది.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది దారిని రెండు ముక్కలు చేయడం. నేను ఒక్కడినే వెళ్లే రోజుల్లో రద్దీ ఉన్న భాగం రైలులో, చివరి మూడు కిలోమీటర్లు క్యాబ్‌లో వెళ్తాను. సర్జ్ ఎంత ఉన్నా మూడు కిలోమీటర్ల మీదే పడుతుంది.

ఎప్పుడు మారుమాట లేకుండా చెల్లించాలి

అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు, చంటిబిడ్డ చేతిలో ఉన్నప్పుడు గీతలు చూడవద్దు. 184 అయినా 250 అయినా ఎక్కి ఇంటికి చేరండి. అమ్మకు రక్తపోటు పడిపోయిన రోజు నేను ధర వైపు చూడనే లేదు. మిగతా రోజుల్లో మిగిల్చుకునేది ఇలాంటి రోజు కోసమే.

డ్రైవరు ఎక్కువ అడిగితే

ఫోను చేసి "ఎక్కడికండీ, మీకు ఎంత చూపిస్తోంది?" అని అడిగి, తర్వాత "దాని మీద ఇంకొంత ఇస్తే వస్తాను" అనడం మామూలైపోయింది. గొడవ పడవద్దు. పెరిగిన ధరలో డ్రైవరుకు చేరేది ఎంతో మనకు కనిపించదు, చాలామంది తమకు దక్కేది స్వల్పమనే చెబుతారు. 2019లో వాషింగ్టన్ దగ్గరి రీగన్ విమానాశ్రయంలో డ్రైవర్లు ధర పెరిగేదాకా అందరూ ఒకేసారి యాప్ ఆపేసి కూర్చున్నారంటే, ఆ లెక్క వారిని కూడా ఎంత విసిగించిందో అర్థమవుతుంది. నేను ఒకే మాట అంటాను: "యాప్‌లో ఉన్న ధరకు రాగలరా అండీ? కుదరకపోతే మీరే రద్దు చేయండి, ఏమీ అనుకోను." తాను రద్దు చేయకుండా మిమ్మల్ని చేయమంటే, రద్దు కారణంలో 'డ్రైవరు అదనంగా అడిగారు' అన్నదే ఎంచుకోండి. యాప్ ఆపేసి బయట డబ్బు ఇచ్చి వెళ్లడానికి ఒప్పుకోవద్దు. ప్రమాదం జరిగితే ఆ ప్రయాణం ఏ రికార్డులోనూ ఉండదు.

చివరి పని: తేడా వస్తే రాతపూర్వకంగా అడగండి

రెండు అలవాట్లు చేసుకోండి. బుక్ చేసేముందు ధర తెరను స్క్రీన్‌షాట్ తీయండి. దిగగానే, కారు కదలకముందే, ట్రిప్ ముగిసిందో లేదో ఫోనులో చూడండి. ముందు చూపిన ధర మారడానికి సరైన కారణాలు ఉంటాయి: గమ్యం మార్చడం, మధ్యలో ఆగడం, దారి బాగా మారడం. వీటిలో ఏదీ లేకుండా ఎక్కువ పడితే రసీదు వచ్చిన రోజే ఫిర్యాదు పెట్టండి.

మీ ప్రాంతంలో సర్జ్‌కు పరిమితి ఉందేమో కూడా ముందే తెలుసుకోండి. అత్యవసర పరిస్థితుల్లో ధరకు కళ్లెం వేసేలా 2014లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో ఊబర్ ఒప్పందం చేసుకుంది. భారతదేశంలో 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్ల వరకు అనుమతిస్తే, 2025 నాటివి రెండు రెట్ల వరకు అనుమతించాయి. పరిమితి ఉంటే ఫిర్యాదులో ఆ నిబంధన పేరు రాయండి.

ఫిర్యాదులో ఆవేశం అక్కర్లేదు, అంకెలు చాలు. గత శీతాకాలంలో ఒక డ్రైవరు మమ్మల్ని దించేసి ట్రిప్ ముగించడం మరిచిపోయాడు. పన్నెండు నిమిషాలు మీటరు నడిచింది. నా వంద లెక్కలో చెబితే, 103 చూపిన చోట 139 పడింది. నేను రాసింది ఇంతే (అసలు సొమ్ముల చోట ఇక్కడ కూడా ఆ వంద లెక్కే పెట్టాను): "ఫలానా తేదీ ప్రయాణం. బుక్ చేసినప్పుడు చూపిన ధర 103, వసూలు చేసినది 139. మేము 12:04కు దిగాము, ట్రిప్ 12:16కు ముగిసినట్టు రసీదులో ఉంది. గమ్యం మార్చలేదు, మధ్యలో ఆగలేదు. తేడా 36 తిరిగి చెల్లించగలరు. రెండు స్క్రీన్‌షాట్లు జతచేశాను."

మొదటి జవాబు యంత్రం రాసినట్టు వచ్చింది: ధర సరిగ్గానే ఉందని. అదే సందేశాన్ని, అదే అంకెలతో, సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపాను. 'ఈ తేదీలోగా పరిష్కారం రాకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్తాను' అన్న ఒక్క వాక్యం కలిపాను. ఆ వాక్యం రాశాక నిజంగా వెళ్లడానికి సిద్ధంగా ఉండాలి, అందుకే రసీదులన్నీ అచ్చు తీసి పెట్టుకున్నాను. పదకొండో రోజున తేడా సొమ్ము ఖాతాలో పడింది. నోటుబుక్కులో ఆ వరుస పక్కన తేదీ వేసి, అమ్మకు చూపించాను.